ఆఖరి ఊరి ప్రింటు

జనగామ స్టేషన్‌లో పాసింజరు ఆగేది రెండు నిమిషాలు. ఆలోపే పార్సిలు బోగీలోంచి రేకు పెట్టెలు దించుకోవాలి. లేదంటే అవి కాజీపేట దాకా పోయి వెనక్కి రావాలి, ఆ పూటకు హాలు బంద్. 1974లో నాకు పదిహేనేళ్లు. సినిమా హాల్లో నా మొదటి కొలువు అదే: పెట్టెలు దించి, సైకిల్ క్యారేజీకి తాడుతో బిగించి, తోసుకుంటూ హాలుకు చేర్చడం. దారి పొడుగునా ఒకటే ప్రశ్న, "ఏం బొమ్మరా?" మా దిక్కు సినిమాను బొమ్మ అంటారు. పెట్టె మూత మీద తెల్లరంగుతో రాసిన పేరు చదివి చెప్పేవాణ్ని. ఆ పేరు కింద కొట్టేసిన పాత పేర్లు నాలుగైదు ఉండేవి. పెట్టె మారదు, లోపలి బొమ్మ మారుతుంది.

సినిమా వ్యాపారంలో మాది నైజాం ఏరియా. నిజాం పోయినా ఆ పేరు పోలేదు. అందులో మళ్లీ ఏ సెంటరు, బీ సెంటరు, సీ సెంటరు. ప్రింటు హైదరాబాదులో, వరంగల్‌లో ఆడినంత కాలం ఆడి, నలిగి, అప్పుడు జనగామకు దిగేది. ఆ తర్వాత మానుకోట. కాగితాల్లో మహబూబాబాద్, నోట్లో మానుకోట. అక్కడిదాకా రైలుంది. భూపాలపల్లికి రైలు లేదు, పరకాల మీదుగా బస్సు టాపు మీద పోవాల్సిందే. ఈ మూడు ఊళ్లలోనూ నేను ఆపరేటరుగా చేశాను. అంటే ప్రింటు ఎట్లా ముసలిదవుతుందో వరసగా చూసినవాణ్ని. జనగామలో తెర మీద సన్నటి జల్లు, మానుకోటలో వాన, భూపాలపల్లి చేరేసరికి తుపాను.

ఆ గీతలు ఊరికే పడవు. మేం వేసినవే. క్యాబిన్‌లో రెండు ప్రొజెక్టర్లు, వాటిలో కార్బన్ కడ్డీల మంట. రెండు కడ్డీల మధ్య నిప్పు నిలబడాలంటే సందు పెరగకుండా తిప్పుతూ ఉండాలి. రీలు వెయ్యి అడుగులు, పదకొండు నిమిషాలు. రెండు రీళ్లు కలిపి ఒక చక్రానికి చుట్టేవాళ్లం. అది అయిపోవస్తుంటే తెర కుడి పై మూలన ఒక చుక్క మెరుస్తుంది, రెండో మిషను మోటారు వెయ్యాలి. మళ్లీ చుక్క మెరవగానే మార్చెయ్యాలి. చూసేవాళ్లకు ఆ చుక్క కనిపించదు, మాకు అది తప్ప ఇంకేదీ కనిపించదు. ఉక్కపోతకు బనీను మీద ఉండేవాళ్లం. చెమట చేతులతోనే, కొందరు బీడీ నోట్లో పెట్టుకునే, ఫిలిం ముట్టుకునేవాళ్లం. నేల మీద దొర్లిన రీలుకు దుమ్మంటుకుంటే లుంగీ అంచుతో తుడిచి ఎక్కించేవాళ్లం.

తెగితే అతుకు. ఒక కొసన ఒక ఫ్రేము మీది పూతను బ్లేడుతో గీకి, సిమెంటు రాసి, రెండో కొస దాని మీద పెట్టి బొటనవేలితో నొక్కి పట్టాలి. మేం సిమెంటనేది గోడలకు రాసేది కాదు, అసిటోను వాసన కొట్టే జిగురు. అంచు రంధ్రాలు చిరిగిన భాగమంతా కోసి పారేసి అతకాలి కాబట్టి ప్రతి అతుకుకూ బొమ్మ కొంచెం పొట్టిదవుతుంది. నాకు పని నేర్పిన ఉస్తాదు మాట ఒకటే: "సోచాయించకు, కొయ్, అతుకు. జనం ఈలలేస్తున్నరు."

కోసిన ముక్కలు ఏమయ్యేవి? ఇది చెప్పుకోడానికి సిగ్గే. బడి పోరలకు అమ్మేవాణ్ని. ఫ్యూజు పోయిన బల్బు తల కొట్టి నీళ్లు నింపితే కటకం. వాకిట్లో ఒకడు అద్దంతో ఎండను ఇంట్లోకి కొడతాడు, ఇంకొకడు బల్బు వెనక ఫిలిం ముక్క పట్టుకుంటాడు, గోడకు కట్టిన తెల్ల పంచె మీద తలకిందులుగా హీరో. ముక్కను తలకిందులుగా పెడితే నిటారుగా నిలబడతాడు. ఫైటు ముక్కకు ఐదు పైసలు, క్లోజప్పు ముక్కకు పది. గిరాకీ ఉన్నప్పుడు తెగని చోట కూడా తెగేది.

ఇక ప్రింటు హక్కుల గడువు తీరాక దాని గతి తుక్కే. అందులోనూ నలుపు తెలుపు ప్రింట్లకే తుక్కు బేరగాళ్ల దగ్గర ధర. ఎందుకో ఉస్తాదు చెబితే నమ్మలేదు, తర్వాత చదివి తెలుసుకున్నాను. నలుపు తెలుపు ఫిలింలో బొమ్మంటే వెండి రజనే. కలర్ ఫిలింలో ఆ వెండిని కడిగేటప్పుడే ల్యాబులో తీసేస్తారు, మిగిలేది రంగు. కాబట్టి పాత సినిమాను కరిగిస్తే వెండి వస్తుంది, మిగిలిన పట్టీ గాజులకు పోతుంది. మన దేశంలో మూకీ సినిమాలు 1300 పైచిలుకు తీశారు. మిగిలినవి, ముక్కాచెక్కా కలుపుకున్నా, ముప్ఫైకి లోపే.

టాకీలకూ అదే గతి. ఎల్.వి. ప్రసాద్ సంగతి చూడండి. ఏలూరు దగ్గరి సోమవరప్పాడు నుంచి బొంబాయి పోయి, హిందీ తొలి టాకీ 'ఆలం ఆరా'లో, తమిళ తొలి టాకీ 'కాళిదాస్'లో, తెలుగు తొలి టాకీ 'భక్త ప్రహ్లాద'లో మూడింటిలోనూ వేషం వేసినవాడు ఆయనొక్కడే. మొదటి రెండూ 1931వి, మూడోది 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. ఆ మూడింటిలో ఒక్క రీలు కూడా ఇవాళ లేదు. ఆయన పెట్టిన ప్రసాద్ సంస్థేమో చెన్నైలో కూర్చుని అమెరికా పాత సినిమాల గీతలు ఫ్రేము ఫ్రేముకూ తుడిచి పంపుతున్నది. ఫిలింను స్కాన్ చేసే మిషన్లు తయారుచేసే జర్మనీ కంపెనీని కూడా కొన్నది. ఊరందరి చొక్కాలకూ మాసికలు వేసే దర్జీకి తన చొక్కా దొరక్కపోవడమంటే ఇదే.

దాచడం మొదలుపెట్టినవాళ్లు లేకపోలేదు. పుణేలో జాతీయ ఫిలిం ఆర్కైవ్ 1964లో పుట్టింది. ఏడాదికి పి.కె. నాయర్ అందులో చేరి, 1991 దాకా దేశమంతా తిరిగి గోదాముల్లోంచి, అటకల మీదినుంచి రీళ్లు ఏరుకొచ్చాడు. మూకీల కాలపు దర్శకుడు ఫాల్కే తీసిన బొమ్మల్లో మనకు దక్కిన కాస్తా నాసిక్‌లో ఆయన కుటుంబం దగ్గర్నుంచి నాయర్ చేతికి వచ్చిందే. 1969లో ఆ ఆర్కైవ్ ఫియాఫ్‌లో సభ్యత్వం పొందింది. ఫియాఫ్ అంటే దేశదేశాల ఫిలిం ఆర్కైవుల సంఘం. 1938లో పారిస్‌లో నాలుగు ఊళ్లవాళ్లు కలిసి పెట్టుకున్నారు: పారిస్, లండన్, న్యూయార్క్, బెర్లిన్. ఏడాది చిల్లరకల్లా ఆ నాలుగింట్లో మూడు దేశాలు యుద్ధంలో దిగాయి. అయినా సంఘం బతికింది.

ఆ సంఘం ఏం చేస్తుందని నన్నడిగితే, మా షేరింగు ప్రింటు లెక్కే అంటాను. ఒకే ప్రింటు రెండు హాళ్లకు వచ్చినప్పుడు మా దగ్గర ఆడిన రీలు సైకిల్ మీద అవతలి హాలుకు పోయేది. అక్కడ మొదటాట అరగంట ఆలస్యంగా మొదలయ్యేది. ఆర్కైవుల మధ్య సైకిల్ లేదు, కాలం ఎక్కువ పడుతుంది, అంతే తేడా. 1919లో కలకత్తా మదన్ థియేటర్స్ తీసిన మూకీ 'బిల్వమంగళ్' మన దగ్గర పూర్తిగా పోయింది. దాని ముక్క, 594 మీటర్లు, పారిస్ సినిమాతెక్‌లో ఉందని తేలి 2016లో దాని నకలు పుణేకు చేరింది. తొంభై ఏడేళ్ల ఆలస్యంతో మొదలైన ఆట.

1980 అక్టోబరు 27న యునెస్కో కదిలే బొమ్మల్ని కాపాడాలని తీర్మానం చేసింది. ఇప్పుడా తేదీన దినోత్సవం జరుపుతారు. తీర్మానాలతో నిప్పు ఆగదు. 2003 జనవరిలో పుణేలోని ఖజానా గదికి మంటంటుకుని పాత నైట్రేట్ రీళ్లు కాలిపోయాయి. నైట్రేట్ ఫిలిం తన ప్రాణవాయువు తానే పుట్టించుకుంటుంది, నీళ్లలో ముంచినా మండుతుంది. 1950ల మొదట్లో దాన్ని మానేసి అసిటేట్‌కు మారారు. అది మండదు గానీ పులుస్తుంది. పెట్టె తెరిస్తే సిర్కా వాసన ముక్కు పగలగొడుతుంది, ఫిలిం వంకర్లు పోయి పెళుసైపోతుంది. వేడీ తేమా కలిస్తే పులుపు ఇంకా తొందర. రేకుల షెడ్డులో మే నెల జనగామ ఎండ, జూలైలో ముసురు. ఇక చెప్పేదేముంది.

మా అబ్బాయి ఒక డాక్యుమెంటరీ చూపించాడు, డాసన్ సిటీ అనే ఊరి గురించి. కెనడా వాయవ్య మూలన, యూకాన్ ప్రాంతంలో, బంగారం కోసం జనం ఎగబడిన ఊరు. సినిమా పంపిణీ దారిలో అదే ఆఖరు. బొమ్మలు విడుదలైన రెండు మూడేళ్లకు అక్కడికి చేరేవి. తిరిగి పంపడానికి కిరాయి దండగని కంపెనీలు అక్కడే ఉంచమనేవి. పెట్టడానికి చోటులేక 1929లో వాటిని పాత ఈత కొలనులో వేసి మట్టి కప్పారు. 1978లో ఏదో కట్టడానికి తవ్వుతుంటే బయటపడ్డాయి, ఐదొందల పైచిలుకు రీళ్లు. గడ్డకట్టిన నేల వాటిని కాచింది. మండే సరుకని విమానాలవాళ్లు ఒప్పుకోకపోతే సైన్యం విమానంలో ఒట్టావా తీసుకెళ్లారు. అమెరికా బొమ్మలేమో ఆ దేశపు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు, మిగిలినవి కెనడా ఆర్కైవ్‌కు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అదీ ఆఖరి ఊరే, మాదీ ఆఖరి ఊరే. భూపాలపల్లిలో కూడా బంగారమే తవ్వారు, నల్ల బంగారం. కాకతీయ ఖనిలో రాత్రి షిఫ్టు దిగిన సింగరేణి కార్మికులు మసి ముఖాలతోనే పొద్దటి ఆటకు వచ్చేవాళ్లు. మాకు మంచు నేల లేదు. కిరాయి దండగని వదిలేసేంత దూరమూ లేదు.

ఒక ఎదురుమాట కూడా ఉంది. జనగామ పక్కనే చేర్యాల. అక్కడి నకాషీలు గుడ్డ మీద కథంతా వరసగా బొమ్మలు వేస్తారు. కథ చెప్పేవాడు ఆ పటాన్ని చుట్ట విప్పుతూ ఒక్కొక్క గడి చూపిస్తూ పాడతాడు. రీలుకు ముందే రీలు. ఆ పటం పాతబడితే కొత్తది వేయించి, పాతదానికి పూజ చేసి నదిలో కలిపే ఆచారం ఉండేది. దాచడం వాళ్ల లెక్కలో లేదు, మళ్లీ వేయడమే లెక్క. సినిమాకు ఆ వీలు లేదు. తెలంగాణ రైతాంగ పోరాటం మీద తీసిన 'మా భూమి'ని జనగామలో ఆడించిన రోజులు నాకు గుర్తు. ఆ పోరాటంలో దొడ్డి కొమురయ్య 1946 జూలై 4న నేలకొరిగిన కడవెండి మాకు బస్సు దూరం. విసునూరు దొర పేరు వింటే అప్పటికీ గొంతు తగ్గించే ముసలివాళ్లు ఉన్నారు. గద్దర్ తెర మీద పాడుతుంటే బెంచీలు ఖాళీ, అందరూ నిలబడ్డారు. దాన్ని తీసిన నర్సింగరావు, గౌతం ఘోష్ మళ్లీ తీద్దామనుకున్నా ఆ ముఖాలు రావు.

2019 డిసెంబరులో ఫియాఫ్, ముంబైలోని ఫిలిం హెరిటేజ్ ఫౌండేషన్ కలిసి హైదరాబాద్ అన్నపూర్ణ స్టూడియోస్‌లో వారం రోజులు ఫిలిం కాపాడే పని నేర్పాయి. పేపర్లో ఫొటో వచ్చింది. తెల్ల చేతొడుగులు వేసుకుని, పోరలు పోరీలు రీలు అంచులు పట్టుకుని నిదానంగా చుడుతున్నారు. అతుకు వేయడం కూడా నేర్పారట. నలభై ఏళ్లు చేసిన పనిని చేయాల్సిన తీరు అరవయ్యేళ్లు దాటాక పేపర్లో చూశాను. అప్పటికి మా హాళ్లలో ప్రొజెక్టర్లు పాత ఇనుముకు పోయి ఐదారేళ్లు. 2012 తర్వాత రేకు పెట్టె దిగనే లేదు, బొమ్మ ఉపగ్రహం నుంచి దిగుతున్నది.

2024 సెప్టెంబరులో అక్కినేని శతజయంతికి అదే ఫౌండేషన్, పుణే ఆర్కైవ్ కలిసి ఆయన పది సినిమాలు దేశంలో ఇరవై అయిదు ఊళ్లలో వేశాయి. అందులో వరంగల్ ఒకటి. ఏ సెంటరుకు నేనే పోయాను, ఈసారి టికెట్టు కొని. నలుపు తెలుపు బొమ్మ. పేరు చెప్పను, చెబితే దాన్ని పాడు చేసిందెవరో లెక్క తేలుతుంది. మానుకోటలో దాన్ని రెండు వారాలు ఆడించాను. పాట అయిపోగానే హీరోయిన్ తల తిప్పుతుంది, ఆ వెంటనే గడప అవతల ఉంటుంది. మా ప్రింటులో అంతే, నాలుగడుగులు అప్పటికే ఎవరో కోసేశారు. బొమ్మ తీరే అంత అనుకున్నాను.

వరంగల్‌లో ఆమె తల తిప్పింది. ఆగింది. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో కొంచెం ఎత్తి పట్టుకుని గడప దాటింది. మూడు సెకన్లు కూడా ఉండదు. పక్క సీటాయన సెల్లు చూసుకుంటున్నాడు.