మైకు గొట్టానికి వాల్వులా, ట్రాన్సిస్టర్లా? మేడ్చల్ రోడ్డు మీద వినిపించిన ఒక చరిత్ర

ఈ రోజు ఎపిసోడ్ ఒక ఫోటోతో మొదలుపెడదాం. మేడ్చల్‌లో ఉండే ఒక తమ్ముడు పంపాడు. జీనోమ్ వ్యాలీలో కొత్తగా ఉద్యోగం, చేతిలో మొదటి జీతం. పాత సామాన్ల దుకాణంలో ఒక పెద్ద హార్న్ స్పీకర్ దొరికిందంట, మూతపడ్డ సినిమా హాల్‌ది. ఫోటో కింద ఒకటే ప్రశ్న: "అన్నా, దీనికి వాల్వు ఆంప్లిఫయరే పెట్టాలంట కదా? 40 వేలు అయితదంటున్నరు. పెట్టొచ్చా?"

ఆగు తమ్ముడూ. డబ్బులు కట్టకముందు ఈ కథ విను. మీరందరూ కూడా వినండి, ఎందుకంటే ఇది ఒక్క స్పీకర్ కథ కాదు. మన ఊళ్ళకి గొంతు ఎట్లా వచ్చిందో చెప్పే కథ.

ముందు ఒక లెక్క. భయపడకండి, చాలా సింపుల్.

స్పీకర్‌కి ఒక వాట్ కరెంటు ఇచ్చి, ఒక మీటరు దూరంలో నిలబడి ఎంత శబ్దం వస్తుందో కొలుస్తారు. మన ఇంట్లో ఉండే మామూలు బాక్స్ స్పీకర్ అయితే సుమారు 87 డెసిబెల్స్ వస్తుంది. అదే గుడి మీద కట్టే మైకు గొట్టం అయితే సుమారు 105. చూడ్డానికి తేడా 18 మాత్రమే. కానీ డెసిబెల్ లెక్క వేరు. ప్రతి 3 డెసిబెల్స్‌కి పవర్ రెట్టింపు కావాలి. అంటే 18 డెసిబెల్స్ అంటే ఆరుసార్లు రెట్టింపు, 64 రెట్లు. గొట్టం ఒక్క వాట్‌తో చేసే పనికి మామూలు బాక్స్‌కి 64 వాట్లు కావాలన్నమాట.

ఎందుకట్లా? అరచేతులు రెండూ నోటి దగ్గర గొట్టంలా పెట్టి పొలం అవతల ఉన్న మనిషిని పిలుస్తాం కదా. అదే సూత్రం. లోపల ఉండే చిన్న డయాఫ్రం, మన మైకు సెట్టోళ్ళు "యూనిట్" అంటారే, దానిలో ఉంటుంది. ఆ చిన్న రేకు బయటి గాలిని ఒక్కసారిగా పట్టుకొని ఊపలేదు. సన్నగా మొదలై మెల్లగా వెడల్పయ్యే గొట్టం మధ్యలో ఉండి, రేకు ఊపుని గాలికి అందిస్తుంది. సైకిల్ గేరులా అనుకోండి. పైగా శబ్దాన్ని నాలుగు దిక్కులా చెదరనీయకుండా ఒక వైపుకి తోస్తుంది.

ఇప్పుడు ఊరికి వద్దాం. 30 వాట్ల ఆంప్లిఫయర్, ఒక గొట్టం. ఒక మీటరు దగ్గర 120 డెసిబెల్స్. దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అట్లా లెక్కేస్తే కిలోమీటరు దూరంలో 60 మిగులుతుంది. అంటే ఎదురుగా కూర్చున్న మనిషి మాట్లాడినంత! గాలి, చెట్లు కొంత తింటాయనుకోండి. అయినా పక్క ఊళ్ళో వాకిట్లో పడుకున్నోళ్ళకి పాట వినిపించడానికి కారణం ఇదే. శామీర్‌పేట చెరువు లాంటి చోట రాత్రిపూట ఇంకా దూరం పోతుంది. నీళ్ళ మీద గాలి చల్లగా, పైన గాలి వెచ్చగా ఉంటే శబ్దం పైకి పోకుండా కిందికి వంగుతుంది. మీ తాతనో నానమ్మనో అడగండి, కీసరగుట్ట జాతర మైకు ఎంత దూరం వినిపించేదో వాళ్ళే చెప్తారు.

సరే, ఆ 30 వాట్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి? అసలు చరిత్ర ఇక్కడ మొదలవుతుంది.

1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ మూడు తీగల వాల్వు చేశాడు. గాజు బల్బు, లోపల గాలి ఉండదు, ఎర్రగా కాలే ఫిలమెంటు. చిన్న సిగ్నల్‌ని పెద్దది చేసే తొలి ఎలక్ట్రానిక్ సాధనాల్లో అదొకటి. 1915లో కాలిఫోర్నియాలో పీటర్ జెన్సన్, ఎడ్విన్ ప్రిడమ్ అనే ఇద్దరు గ్రామఫోన్ గొట్టానికి తమ యూనిట్ తగిలించి, శాన్ ఫ్రాన్సిస్కోలో వేలమందికి వినిపించారు. 1926లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ వాళ్ళు 555 అనే యూనిట్‌తో, మనిషి కంటే పెద్ద గొట్టాలతో సినిమా హాళ్ళకి సౌండ్ ఇచ్చారు. గమనించండి, అప్పటి వాల్వు ఆంప్లిఫయర్లు ఇచ్చేది చాలా తక్కువ పవర్. 1930లలో వచ్చిన వాళ్ళ 300బి వాల్వు ఒక్కటి పెడితే సుమారు 8 వాట్లు. 8 వాట్లతో వందలమంది కూర్చునే హాల్! గొట్టం లేకపోతే అది జరిగే పనే కాదు. అంటే గొట్టం పుట్టింది ఫ్యాషన్ కోసం కాదు. వాల్వులకి బలం లేదు కాబట్టి, ఆ లోటు గొట్టం తీర్చింది.

మన దగ్గర 1932లో "భక్త ప్రహ్లాద"తో తెలుగు సినిమాకి మాట వచ్చింది. 1935లో నిజాం ప్రభుత్వం హైదరాబాద్‌లో రేడియో స్టేషన్ చేతిలోకి తీసుకుంది, అదే దక్కన్ రేడియో. సభలకి మైకు తెచ్చిన పేరు చికాగో రేడియో. పేరు చూసి అమెరికా కంపెనీ అనుకోకండి, మోత్వానే కుటుంబానిది. 1930లలో కాంగ్రెస్ మహాసభలకి లౌడ్ స్పీకర్లు పెట్టింది వాళ్ళే. పాత ఫోటోల్లో గాంధీ, నెహ్రూ ముందున్న మైకు మీద ఆ పేరు కనిపిస్తుంది. 1940లో ఢిల్లీలో అహూజా మొదలైంది. ఈ రోజుకీ మన గుళ్ళల్లో, బడుల్లో, మసీదుల్లో ఎక్కువగా కనిపించే పేరు అదే.

ఇదంతా వాల్వుల కాలం. స్విచ్ వేస్తే వెంటనే సౌండ్ రాదు. బల్బులు వేడెక్కేదాకా అర నిమిషం ఆగాలి. వెనకాల ఎర్రటి వెలుగు. చలికాలంలో పిల్లలు దాని పక్కనే చేతులు కాపుకుంటూ కూర్చునేవాళ్ళు.

మరి ఇంత చక్కటి వాల్వు ఎందుకు ఓడిపోయింది? ఇంటర్నెట్‌లో చాలామంది "సౌండ్ క్వాలిటీ" అని కొట్టుకుంటారు. మన ఊళ్ళల్లో గెలుపోటములు తేల్చింది సౌండ్ కాదు ఫ్రెండ్స్. బ్యాటరీ.

ఆలోచించండి. వాల్వు పని చేయాలంటే 300, 400 వోల్టులు కావాలి. ఊళ్ళో కరెంటు లేదు. ఉన్నది 12 వోల్టుల లారీ బ్యాటరీ. ఆ 12ని 300 చేయడానికి ఇంకో కన్వర్టర్ పెట్టాలి, అది కొంత తినేస్తుంది. మైకులో ఎవరూ మాట్లాడకపోయినా ఫిలమెంట్లు కాలుతూనే ఉంటాయి. 30 వాట్ల వాల్వు సెట్టు వంద వాట్లకి పైగానే లాగుతుంది. బ్యాటరీ మీద 10 నుంచి 15 ఆంపియర్లు. మంచి బ్యాటరీ అయినా నాలుగైదు గంటల్లో చేతులెత్తేస్తుంది. పెళ్ళి ముహూర్తం తెల్లవారుజామున ఉంటే ఏం చేస్తారు? ఎడ్లబండి మీద రెండో బ్యాటరీ. పైగా గుంతల దారి, గాజు బల్బులు.

1947 డిసెంబర్‌లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో బార్డీన్, బ్రాటెన్ ట్రాన్సిస్టర్ చేసి చూపించారు. 1956లో వాళ్ళకీ, షాక్లీకీ నోబెల్ వచ్చింది. మన దేశంలో ఒక తమాషా జరిగింది. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళు 1960ల మొదట్లో రేడియో వాల్వులు తయారు చేయడం మొదలుపెట్టారు. దాదాపు అదే సమయంలో జెర్మేనియం ట్రాన్సిస్టర్లు కూడా. అంటే పాతదీ కొత్తదీ మన దగ్గరికి ఒకేసారి వచ్చాయి! ఇంకోటి, ఇది మనకి దగ్గరి విషయం. 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ పెట్టారు. ఆ ప్రాంతం ఇప్పుడు మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలోనే ఉంది. వాల్వులు లేని సాలిడ్ స్టేట్ టీవీని దేశంలో మొదట చేసింది తామేనని ఆ సంస్థ చెప్పుకుంటుంది.

మొదటి జెర్మేనియం ట్రాన్సిస్టర్లు మన ఎండలకి తట్టుకోలేదు. వేడెక్కితే ఎక్కువ కరెంటు లాగుతాయి, లాగితే ఇంకా వేడెక్కుతాయి, చివరికి పోతాయి. మే నెల పెళ్ళిళ్ళలో అవి ఎట్లా ఆగుతాయి చెప్పండి? సిలికాన్ వచ్చాక ఆ బాధ తగ్గింది. 2ఎన్ 3055 అని ఇనుప టోపీలా ఉండే ట్రాన్సిస్టర్ ఒకటి ఉంది. కోఠి గుజరాతీ గల్లీకి పోయిన ఏ మెకానిక్‌కైనా ఆ నంబరు నోటికి వస్తుంది. అది 12 వోల్టుల బ్యాటరీతో నేరుగా నడుస్తుంది. ఎవరూ మాట్లాడనప్పుడు దాదాపు ఏమీ లాగదు. స్విచ్ వేయగానే సౌండ్.

ఇంక చూడండి, మైకు రిక్షా ఎక్కింది, జీపు ఎక్కింది, ఆటో ఎక్కింది. సినిమా ప్రచారం, ఎలక్షన్ ప్రచారం, పోలియో చుక్కల ప్రకటన, అన్నీ బండి మీదనే. 1982లో ఎన్టీఆర్ చైతన్య రథం మీద నిలబడి ఊరూరా మాట్లాడిన కాలానికి, కదిలే బండి మీంచి ప్రసంగం జనానికి అలవాటైపోయింది.

అయితే ట్రాన్సిస్టర్‌కి ఒక బలహీనత ఉంది. వైర్లు రెండూ ఒకదానికొకటి తగిలి షార్ట్ అయితే క్షణంలో పోతుంది. వాల్వు అయితే కాసేపు ఓర్చుకుంటుంది. కానీ వాల్వుకి ఉల్టా బాధ. స్పీకర్ తగిలించకుండా ఫుల్ సౌండ్ పెడితే దాని ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. అందుకే రెండు కాలాలూ చూసిన మైకు సెట్టు పెద్దమనుషులకి రెండు రకాల జాగ్రత్తలూ చేతి అలవాటుగా ఉంటాయి. ఆ విద్య ఏ పుస్తకంలోనూ లేదు.

మరి సౌండ్ సంగతి? ఇప్పుడు నిజాయితీగా మాట్లాడుకుందాం.

గుడి మీద గొట్టం సుమారు 300 హెర్ట్జ్ నుంచి ఐదారు వేల దాకానే పలుకుతుంది. మనిషి మాటకి అది చాలు. దానికి వాల్వు పెట్టినా ట్రాన్సిస్టర్ పెట్టినా తేడా పట్టుకోవడం దాదాపు అసాధ్యం. పాత రోజుల "తియ్యటి మైకు" అని మనం తలుచుకునేది వాల్వు తీపి కంటే రికార్డు తీపి, రాత్రి నిశ్శబ్దం తీపి.

సినిమా హాల్ హార్న్ వేరు. తమ్ముడి దగ్గరున్నది అది. ఇంట్లో పెట్టుకుంటే మామూలుగా వినేటప్పుడు ఒక వాట్‌లో పదోవంతు కూడా వాడదు. అంటే ఆంప్లిఫయర్ పెద్ద పవర్ ఎంతన్నది ముఖ్యం కాదు, ఆ మొదటి చిన్న వాట్ ఎంత శుభ్రంగా ఉందన్నదే ముఖ్యం. చాలా ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్లలో రెండు ట్రాన్సిస్టర్లు పని పంచుకుంటాయి, ఒకటి వదిలేసి ఇంకోటి అందుకునే చోట చిన్న గీర పడుతుంది. పాతవాటిలో ఇది ఎక్కువ. పెద్ద సౌండ్‌లో వినిపించదు, చిన్న సౌండ్‌లో, అదీ హార్న్‌లో, దొరికిపోతుంది. ఒక్క వాల్వుతో నడిచే ఆంప్లిఫయర్‌లో ఆ చేతులు మారడమే లేదు. అందుకే జపాన్‌లో, తర్వాత ఫ్రాన్స్‌లో హార్న్ ప్రియులు 300బిని మళ్ళీ నెత్తిన పెట్టుకున్నారు.

కానీ ఇది వాల్వుకి మాత్రమే వచ్చిన వరం కాదు. క్లాస్ ఎ పద్ధతిలో చేసిన చిన్న ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్‌కీ ఆ గీర ఉండదు. నెల్సన్ పాస్ అనే అమెరికా డిజైనర్ ఇట్లాంటి చిన్న ఆంప్లిఫయర్ల కోసమే పెట్టిన కంపెనీ పేరు ఏంటో తెలుసా? "ఫస్ట్ వాట్". పేరులోనే ఉంది విషయం. ఇంకా ఒకటి: హార్న్ పాటనే కాదు, ఆంప్లిఫయర్ గుర్రుమనే హమ్‌ని, బుస్సుమనే హిస్‌ని కూడా పెద్దది చేసి వినిపిస్తుంది. చవక వాల్వు సెట్టు పెడితే పాటల మధ్య తేనెటీగల తుట్టె ఇంట్లో పెట్టుకున్నట్టే.

కాబట్టి తమ్ముడూ, నా మాట ఇది. 40 వేలు ఇప్పుడే పెట్టకు. ముందు ఆ యూనిట్ బతికే ఉందా, డయాఫ్రం చినిగిందా చూపించు. ఒక చిన్న మంచి ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్‌తో నెల రోజులు విను. అప్పుడు ఎక్కడైనా వాల్వు సెట్టు నీ హార్న్‌కే తగిలించి విను. తేడా నీ చెవికి తెలిస్తే కొనుక్కో. నా చెవికి కాదు, యూట్యూబ్ చెవికి కాదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా. పాత వాల్వు సెట్టు మూత నువ్వు విప్పకు. స్విచ్ తీసేసినా లోపలి కెపాసిటర్లలో 300, 400 వోల్టులు నిలిచి ఉంటాయి. ప్రాణం పోతుంది. తెలిసిన మెకానిక్‌తోనే చేయించు.

చివరగా ఒక మాట. ఇప్పుడు మేడ్చల్ హైవే మీద, రాజీవ్ రహదారి మీద ఏ ఫంక్షన్ హాల్‌కి పోయినా డీజే బాక్సులు. వాటి లోపల పై సౌండ్ ఇచ్చేది ఇప్పటికీ హార్నే. మల్టీప్లెక్స్ తెర వెనకాలా హార్నే. మారింది ఆంప్లిఫయర్. 8 వాట్లు పోయి వేల వాట్లు వచ్చాయి. బలం లేని కాలంలో బలం కోసం చేసిన గొట్టానికి మనం ఇప్పుడు ఏనుగు బలం తగిలించాం. 100 డెసిబెల్స్ దగ్గర చెవికి సేఫ్ టైమ్ 15 నిమిషాలే అని అమెరికా ఆరోగ్య సంస్థ లెక్క. బరాత్ రెండు గంటలు! రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్ స్పీకర్ వద్దని 2000 సంవత్సరపు నిబంధనలు ఊరికే పెట్టలేదు.

అప్పట్లో మైకు సెట్టాయన బ్యాటరీ అయిపోతుందేమోనని సౌండ్ దాచుకునేవాడు. మనం ఇప్పుడు చెవులు అయిపోతాయేమోనని దాచుకోవాలి. బ్యాటరీ అయితే మళ్ళీ చార్జింగ్ పెట్టొచ్చు. చెవికి చార్జర్ లేదు.

మీ ఊళ్ళో పాత మైకు సెట్టు పెద్దాయన ఎవరైనా ఉంటే, ఈ ఆదివారం పోయి ఒక గంట కూర్చోండి. ఆయన మాటలు ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.