పల్లె కౌంటీలో స్కానర్ రేడియో: ఏం కొనాలి, ఎలా వినాలి

పెద్ద నగరాల్లో ఉండేవాళ్ళకి ఈ వ్యాసం అంతగా పనికిరాదు. అక్కడ చాలాచోట్ల పోలీసు రేడియో ఎన్‌క్రిప్ట్ అయిపోయింది, ఏ స్కానర్ కొన్నా ఆ మాటలు వినిపించవు. జె1 వేవర్ మీద పల్లె ఆసుపత్రులకి వచ్చిన డాక్టర్ల కుటుంబాలు, హైవే పక్కన గ్యాస్ స్టేషనో మోటెలో నడుపుకుంటున్నవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. వాళ్ళ కోసం రాస్తున్నాను. మేముండేది కాన్సస్‌లో ఒక చిన్న కౌంటీ. మా ఆవిడ 25 పడకల ఆసుపత్రిలో డాక్టరు. వసంతకాలంలో గడ్డి మంటలు, ఆ తర్వాత టోర్నడోలు, చలికాలంలో మంచు. ఏది వచ్చినా వార్తల్లో మా ఊరి పేరు వినిపించేసరికి మర్నాడు అవుతుంది.

ఇలాంటి కౌంటీల్లో ఫైర్ డిపార్ట్‌మెంట్ అంటే జీతం తీసుకునే సిబ్బంది కాదు, వాలంటీర్లు. ఒకాయన రైతు, ఒకాయన స్కూల్ బస్సు డ్రైవరు, ఒకాయన మెకానిక్కు. ఎవరి పనిలో వాళ్ళుంటారు, నడుముకి పేజర్ ఉంటుంది. 911కి ఫోన్ రాగానే డిస్పాచర్ రెండు స్వరాలు పంపుతుంది. మొదటిది సుమారు 1 సెకను, రెండోది 3 సెకన్లు. ఆ జతకి సెట్ చేసిన పేజర్లు మేలుకుని ఆ తర్వాత వచ్చే మాటలు వినిపిస్తాయి. కౌంటీ నలుమూలలా చెల్లాచెదురుగా ఉన్నవాళ్ళందరికీ ఒకేసారి చేరాలి కాబట్టి ఈ పిలుపు చాలా కౌంటీల్లో ఇప్పటికీ పాత పద్ధతిలోనే, 150 నుంచి 174 మెగాహెర్ట్జ్ మధ్య వీహెచ్ఎఫ్ మీద బాహాటంగా వెళ్తుంది. షెరిఫ్ ఆఫీసు రాష్ట్రవ్యాప్త 800 మెగాహెర్ట్జ్ డిజిటల్ వ్యవస్థకి మారిపోయినా ఫైర్ పిలుపు మాత్రం పాతచోటే ఉండటం మామూలే. మనకి ముఖ్యంగా కావలసిందీ అదే.

అందుకే ముందు స్కానర్ కొనకండి. రేడియోరిఫరెన్స్ వెబ్‌సైటులో మీ రాష్ట్రం, మీ కౌంటీ తెరిచి చూడండి, చూడటానికి డబ్బు అక్కర్లేదు. ఫైర్ డిస్పాచ్, అంబులెన్స్, షెరిఫ్, రోడ్ల విభాగం ఏ ఫ్రీక్వెన్సీల్లో ఉన్నాయో, ఏ పద్ధతిలో ఉన్నాయో అందులో ఉంటుంది. పద్ధతి దగ్గర ఎఫ్ఎమ్ అనో ఎఫ్ఎమ్ఎన్ అనో ఉంటే అది అనలాగ్. వంద డాలర్ల పైచిలుకుకి దొరికే యూనిడెన్ బీసీ125ఏటీ లాంటిది దానికి చాలు. పీ25 అని ఉంటే డిజిటల్ స్కానర్ కావాలి, దాని ధర వందల డాలర్లలో ఉంటుంది. డీఎమ్ఆర్, ఎన్ఎక్స్‌డీఎన్ అని ఉంటే ఇంకాస్త జాగ్రత్త. ఎస్‌డీఎస్100 లాంటి ఖరీదైన మోడల్‌లో కూడా ఆ రెండింటికీ విడిగా డబ్బు కట్టి అప్‌గ్రేడ్ చేసుకోవాలి. మా కౌంటీలో ఫైర్ అనలాగ్ అని చూసుకోకుండా నేను ముందే ఖరీదైనది కొన్నాను. మా ఆవిడ ఇప్పటికీ గుర్తుచేస్తూనే ఉంటుంది.

ఫోన్‌లో యాప్ ఉండగా ఇదంతా ఎందుకని అడుగుతారు. యాప్‌లో వచ్చేది ఎవరో ఒక ఔత్సాహికుడు తన ఇంట్లో స్కానర్ పెట్టి ఇంటర్నెట్‌లోకి పంపే ధ్వని. చిన్న కౌంటీకి అలాంటివాళ్ళు ఉండకపోవచ్చు. ఉన్నా కొంత ఆలస్యంగా వస్తుంది, కరెంటో ఇంటర్నెట్టో పోయిందంటే అదీ పోతుంది. మనకి అవసరమయ్యేది సరిగ్గా ఆ రోజే.

ప్రోగ్రామింగులో కొత్తవాళ్ళు తడబడేది మూడు చోట్ల. 512 మెగాహెర్ట్జ్ కిందనున్న ఈ ఛానెళ్ళని 2013 జనవరి 1 నాటికి సన్నగా చేయమని ఎఫ్‌సీసీ ఆదేశించింది. కాబట్టి స్కానర్‌లో ఎన్ఎఫ్ఎమ్ ఎంచుకోండి, లేకపోతే గొంతు బావిలోంచి వచ్చినట్టుంటుంది. రెండోది టోన్. ఒకే ఫ్రీక్వెన్సీని దూరదూరంగా ఉన్న కౌంటీలు పంచుకుంటాయి. మైదాన ప్రాంతంలో కొన్ని తెల్లవారుజాముల్లో నూరు మైళ్ళ అవతలి డిస్పాచర్ కూడా పక్కింట్లోంచి మాట్లాడినట్టు వినిపిస్తుంది. మీ కౌంటీ టోన్ పెట్టుకుంటే మిగతావాళ్ళు వినిపించరు.

మూడోది రాష్ట్రవ్యాప్త వ్యవస్థల సంగతి, దీన్ని కొంచెం ఓపిగ్గా అర్థం చేసుకోవాలి. అక్కడ ఒక్కో విభాగానికి ఒక్కో టాక్‌గ్రూప్ ఉంటుంది. అది రాష్ట్రమంతా అన్ని టవర్ల మీదా మోగదు. ఆ గ్రూపులో ఉన్న రేడియో ఏదైనా ఒక టవర్ పరిధిలో ఉంటేనే సాధారణంగా ఆ టవర్ దాన్ని ప్రసారం చేస్తుంది. మీ డెప్యూటీ పక్క టవర్ కిందికి వెళ్ళిపోయాడంటే మీ స్కానర్ మౌనంగా కూర్చుంటుంది. అది పాడైపోలేదు. మీ ఇంటికి అందే రెండు మూడు టవర్లనీ విడివిడిగా ప్రోగ్రామ్ చేసుకోండి.

స్కానర్‌తో వచ్చే పొట్టి రబ్బరు యాంటెన్నా పల్లెలో చాలదు. వీహెచ్ఎఫ్‌కి సుమారు 18, 19 అంగుళాలు సాగే టెలిస్కోపిక్ యాంటెన్నా పెడితేనే తేడా తెలుస్తుంది. గోడలకి రేకు కొట్టిన ఇల్లయితే కిటికీ దగ్గర పెట్టండి. ఇంటిపైన పెట్టేటట్టయితే తప్పకుండా ఎర్తింగ్ చేయించండి.

పోయిన మార్చిలో ఒక సాయంత్రం ఇంటినిండా పొగ వాసన. మా దగ్గర వసంతంలో పచ్చిక బీళ్ళు తగలబెట్టడం ఏటా ఉండేదే. రైతులు ముందుగా డిస్పాచ్‌కి చెప్పి మరీ కాలుస్తారు, రేడియోలో సగం మాటలు అవే. ఆ రోజు మాత్రం వరసగా మూడు ఊళ్ళ స్వరాలు మోగాయి, ఆ తర్వాత పక్క కౌంటీ నుంచి మ్యూచువల్ ఎయిడ్ అడిగారు. మంట మాకు రెండు మైళ్ళు ఉత్తరాన, గాలి నైరుతి నుంచి, అంటే మంట మా నుంచి దూరంగా పోతోంది. హైవే మీద పొగ కమ్మేసిందని రోడ్డు మూసేస్తున్నారు. మా ఆవిడ డ్యూటీ దిగి వచ్చేది ఆ రోడ్డు మీదే. ఆసుపత్రిలోనే ఉండు, నేను చెప్పేదాకా బయల్దేరకు అని ఫోన్ చేశాను. కౌంటీ అలర్ట్ ఫోన్‌కి రావడానికి తర్వాత ఇంకో ఇరవై నిమిషాలు పట్టింది. గాలి తిరిగి ఉంటే మాత్రం రేడియో వింటూ కూర్చునే పని లేదు, పిల్లల్ని కారెక్కించడమే. ఖాళీ చేయమని అధికారిక సందేశం వస్తే స్కానర్‌లో ఏం విన్నా సరే బయల్దేరాలి.

మాటల్లో ఒక చిన్న మెలిక. మా వైపు ట్యాంకర్ అంటే నీళ్ళ లారీ. పశ్చిమ రాష్ట్రాల్లో ట్యాంకర్ అంటే పైనుంచి మందు చల్లే విమానం, నీళ్ళ లారీని టెండర్ అంటారు. బ్రష్ ట్రక్ అంటే గడ్డి మంటలకి వెళ్ళే చిన్న బండి.

పాతిక డాలర్లకి దొరికే చైనా వాకీటాకీతో కూడా వీహెచ్ఎఫ్ వినొచ్చని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. వినొచ్చు, నిజమే. కానీ అది మాట్లాడుతుంది కూడా. పిల్లవాడు బటన్ నొక్కితే ఫైర్ ఛానెల్‌కే అడ్డం పడుతుంది, అది నేరం. ఇంట్లో వినడానికి మాత్రమే పనికొచ్చే పరికరం ఉండటమే మంచిది. ఎన్‌క్రిప్ట్ చేయని పోలీసు, ఫైర్ రేడియో ఇంట్లో వినడాన్ని ఫెడరల్ చట్టం తప్పుపట్టదు. కారులో పెట్టుకోవడం వేరే సంగతి. న్యూయార్క్, ఫ్లోరిడా, ఇండియానా, కెంటకీ, మిన్నెసోటాల్లో దానిమీద ఆంక్షలున్నాయి, మీ రాష్ట్రం నియమం చూసుకోండి. బ్రిటన్‌లో ఉన్న మనవాళ్ళు ఇదంతా చదివి ఉత్సాహపడొద్దు, అక్కడ ఎమర్జెన్సీ సర్వీసుల రేడియో వినడమే నేరం. ఇండియాకి వెళ్ళేటప్పుడు సూట్‌కేసులో పెట్టుకోవద్దు.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఒక రాత్రి అంబులెన్స్ ఛానెల్‌లో మాకు బాగా తెలిసిన అడ్రస్ వినిపించింది. మా ఊళ్ళో మేం కాక ఉన్న ఒకే ఒక్క తెలుగు కుటుంబం, వాళ్ళ నాన్నగారు గుంటూరు నుంచి వచ్చి ఉన్నారు. వయసు, ఛాతీ నొప్పి, అన్నీ రేడియోలో చెప్పేశారు. సాయం చేద్దామన్న ఆత్రంలో చుట్టుపక్కల ఊళ్ళ మనవాళ్ళుండే వాట్సాప్ గ్రూపులో పెట్టాను. వాళ్ళబ్బాయి అంబులెన్స్ వెనకే కారు నడుపుతుండగా గుంటూరు నుంచి వాళ్ళమ్మ ఫోన్. నాన్నకి ఏమైందిరా అని ఏడుపు. ఆయనకి ప్రాణాపాయం తప్పింది, కానీ ఆ అబ్బాయి నాతో మాట్లాడటానికి రెండు నెలలు పట్టింది. ‘మీ ఆవిడ అదే ఆసుపత్రిలో డాక్టరు కదండీ, ఆవిడే చెప్పారనుకున్నాం’ అన్నాడు. పేషెంటు సంగతి బయటపెట్టిందన్న అనుమానం ఒక్కటి చాలు, డాక్టరు ఉద్యోగానికి ముప్పు. పైగా రేడియోలో విన్నది ఇతరులకి చేరవేయడం మీద 1934 కమ్యూనికేషన్స్ చట్టం 705వ సెక్షన్‌లో ఆంక్షలున్నాయని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ మర్నాడే అంబులెన్స్ ఛానెల్‌ని స్కానర్‌లో లాకౌట్ చేశాను. ఇప్పుడు మా వంటింట్లో మోగేవి ఫైర్, రోడ్ల విభాగం, 162.400 నుంచి 162.550 మెగాహెర్ట్జ్ మధ్య వచ్చే నోవా వాతావరణ ప్రసారం, ఈ మూడే.