హైదరాబాద్ పార్కుల్లో పిట్టల లెక్క

హైదరాబాద్ పార్కుల్లో, చెరువు గట్ల మీద కనిపించే పక్షులను సామాన్య పౌరులే లెక్కపెట్టి రాసుకునే అలవాటుకు నాలుగు దశాబ్దాలు దాటిన చరిత్ర ఉంది. ఈ పనికి జీతం లేదు, జంతుశాస్త్ర పట్టా అక్కర్లేదు. బ్యాంకు ఉద్యోగులు, డాక్టర్లు, విద్యార్థులు, పదవీ విరమణ చేసినవారు సెలవు రోజు పొద్దున్నే బైనాక్యులర్లతో బయలుదేరి చేసే పని ఇది. అయితే సరదాకు చూసిన పిట్ట శాస్త్రానికి ఆధారంగా నిలవాలంటే చూడటంలో ఒక పద్ధతి ఉండాలి. ఆ పద్ధతి స్థిరపడటానికి ఎనభై ఏళ్లకు పైగా పట్టింది.

తెలుగు నేల మీద పక్షులను ఒక క్రమంలో పరిశీలించిన తొలి పెద్ద ప్రయత్నాల్లో 1931-32 నాటి హైదరాబాద్ సంస్థాన పక్షుల సర్వే ముఖ్యమైనది. 1883లో ఏర్పడిన బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున సలీం అలీ దీన్ని చేపట్టారు. మన్ననూరు, ఫరహాబాద్ వంటి నల్లమల ప్రాంతాలతో పాటు సంస్థానంలో అనేక చోట్ల ఆయన గుడారాలు వేశారు. పక్షిని తుపాకీతో కొట్టి, చర్మం వలిచి, దూది కూరి, చీటీ కట్టి భద్రపరచడమే ఆనాటి పద్ధతి. ఆ నమూనాలను ఇంగ్లండులో హ్యూ విస్లర్ పరిశీలించి వ్యాఖ్యలు రాశారు. ఫలితాలు సొసైటీ పత్రికలో భాగాలుగా వచ్చాయి. ఏ జాతి ఎక్కడ ఉందో ఈ సర్వే చెప్పగలిగింది. అది పెరుగుతోందా తరుగుతోందా అన్నది చెప్పడానికి ఒక్క విడత పరిశీలన చాలదు.

తుపాకీ పక్కన పెట్టి లెక్కించే సంప్రదాయం అప్పటికే అమెరికాలో ఉంది. క్రిస్మస్ నాడు జట్లుగా విడిపోయి ఎవరెక్కువ పిట్టలను కొడతారో పందెం వేసుకునే ఆచారానికి బదులుగా, కొట్టకుండా లెక్కపెడదామని ఫ్రాంక్ చాప్‌మన్ 1900లో ప్రతిపాదించారు. మొదటి ఏడాది పాల్గొన్నది 27 మంది. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో కూడా ఆ రోజు లెక్క జరిగింది. ఆ గణన నేటికీ ఏటేటా సాగుతోంది. దాని విలువంతా ఈ కొనసాగింపులోనే ఉంది.

భారతదేశంలో పక్షులను చూడటం మధ్యతరగతి అభిరుచిగా మారడానికి పుస్తకాలు, పత్రికలు దారి వేశాయి. సలీం అలీ రాసిన ‘ద బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’ 1941లో వచ్చింది. జఫర్ ఫతేఅలీ నడిపిన ‘న్యూస్‌లెటర్ ఫర్ బర్డ్‌వాచర్స్’ పుణ్యమా అని ఊరికొకరుగా ఉన్న ఔత్సాహికులకు ఒకరి సంగతులు ఒకరికి తెలిశాయి. హైదరాబాద్‌లో 1980లో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అటవీశాఖ అధికారి పుష్పకుమార్ దీనికి అండగా నిలిచారు. సభ్యులు వారాంతాల్లో కలిసి చెరువులకు, అడవులకు వెళ్లేవారు. చూసినవి ‘మయూర’, ఆ తర్వాత ‘పిట్ట’ అనే పత్రికల్లో అచ్చయ్యేవి. 1989లో సిరాజ్ తాహెర్, ఆశిష్ పిట్టి కలిసి ఆంధ్రప్రదేశ్ పక్షుల జాబితా వెలువరించారు. రాష్ట్ర విభజన తర్వాత ఈ సంఘమే డెక్కన్ బర్డర్స్ అన్న పేరుతో కొనసాగుతోంది.

స్థానికుల ఎరుక ఎంత అవసరమో 1980ల్లోనే కలివికోడి ఉదంతం చాటింది. 1900 తర్వాత ఎవరి కంటా పడని ఈ పక్షి అంతరించిపోయిందనే చాలామంది అనుకున్నారు. రాత్రిపూట తిరిగే ఈ పిట్ట 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. బాంబే సొసైటీకి చెందిన భరత్ భూషణ్ ఈ అన్వేషణ నడిపారు. చీకట్లో పిట్టను పట్టగలిగింది మాత్రం ఆ ముళ్లపొదల ఆనుపానులు తెలిసిన స్థానికులే.

ఏటా ఒకే కాలంలో, ఒకే చోట లెక్కించే క్రమం 1987లో మొదలైన ఆసియా నీటిపక్షుల గణనతో అలవాటైంది. జనవరిలో వలస పక్షులు చెరువుల్లో గుమిగూడి ఉన్నప్పుడు ఈ గణన జరుగుతుంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, మంజీరా వంటి జలాశయాలు ఇందుకు అనువైనవి. నీటి మీద తేలే బాతులను గట్టు మీద నిలబడి లెక్కించవచ్చు. చెట్ల ఆకుల మాటున దాగే పార్కు పిట్టలను అలా లెక్కించడం కుదరదు.

నగరంలోని పార్కులకు జాతీయ పార్కు హోదా 1990ల్లో వచ్చింది. 1975లో ఏర్పడి కృష్ణజింకలకు ఆశ్రయమైన వనస్థలిపురంలోని మహావీర్ హరిణ వనస్థలి, చిలుకూరు దారిలోని మృగవని 1994లో జాతీయ పార్కులయ్యాయి. జూబ్లీహిల్స్‌లో చిరాన్ ప్యాలెస్ చుట్టూ మిగిలిన సుమారు 350 ఎకరాల రాతి గుట్టల అడవి 1998లో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ పార్కు అయింది. చుట్టూ కట్టడాలు కమ్ముకున్న కేబీఆర్ పార్కుకు రోజూ నడకకు వచ్చేవారు వేలల్లో ఉంటారు. నెమళ్లు వారికి నిత్యం ఎదురయ్యేవే.

లెక్క పద్ధతిని మార్చింది ఇంటర్నెట్. కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల, ఆడుబాన్ సొసైటీ 2002లో ఈబర్డ్ అనే ఆన్‌లైన్ నమోదు వేదికను ప్రారంభించాయి. భారతదేశంలో 2013 ఫిబ్రవరిలో జరిగిన గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌తో, ఆ తర్వాత బర్డ్ కౌంట్ ఇండియా కృషితో అది వ్యాపించింది. ఎన్ని గంటలకు మొదలుపెట్టారు, ఎంతసేపు చూశారు, ఎంత దూరం నడిచారు, గుర్తుపట్టినవన్నీ రాశారా అని ఈబర్డ్ అడుగుతుంది. చివరి ప్రశ్నే కీలకం. అరుదైన పిట్టను మాత్రమే రాసి కాకిని, గోరువంకను వదిలేస్తే ఆ జాబితాతో పోలిక సాధ్యం కాదు. అన్నీ రాసిన జాబితాలో పిచ్చుక లేకపోతే, ఆ లేమి కూడా సమాచారమే. వంద పూర్తి జాబితాల్లో పిచ్చుక ఎన్నింట్లో ఉందో ఏటేటా చూస్తే దాని పోకడ తెలుస్తుంది. అనుమానం కలిగించే నమోదులను అనుభవజ్ఞులైన స్వచ్ఛంద సమీక్షకులు పరిశీలించి, ఫొటోనో వివరణో అడుగుతారు.

ఈ జాబితాలన్నీ కలిసి ఎంత చెప్పగలవో ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ 2020 నివేదికలో తేలింది. 15,500 మందికి పైగా పరిశీలకుల నుంచి వచ్చిన కోటికి మించిన నమోదుల ఆధారంగా అది 867 జాతులను అంచనా వేసింది. దేశం మొత్తం మీద పిచ్చుకల సంఖ్య దాదాపు నిలకడగానే ఉందనీ, హైదరాబాద్ సహా ఆరు మహానగరాల్లో మాత్రం తగ్గుతోందనీ ఆ నివేదిక చెప్పింది. 2023 నివేదిక పరిధి 942 జాతులకు పెరిగింది.

పొరుగున తమిళనాడులో పక్షులను లెక్కించే అలవాటు పండుగతో ముడిపడింది. 2011 నుంచి తామ్రపర్ణి పరీవాహక చెరువుల్లో నీటిపక్షుల గణన సాగుతోంది. 2015 నుంచి సంక్రాంతి రోజుల్లో పొంగల్ పక్షుల లెక్క జరుగుతోంది. పడమటి కనుమల పాదాన, తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన రాజపాళయం, మంసాపురం ప్రాంతం అడవికి ఆనుకుని ఉంటుంది. అక్కడి శ్రీవిల్లిపుత్తూరు కొండలు 1988లో బూడిదరంగు బెట్టుడత కోసం అభయారణ్యమై, 2021లో మేఘమలైతో కలిసి పులుల రక్షిత ప్రాంతమయ్యాయి. అలాంటి చోట పెరటి పిట్టల జాబితా కూడా అడవి అంచు కథ చెబుతుంది.

పక్షులు కాని జీవుల సంగతి వేరు దారుల్లో నమోదవుతోంది. హైదరాబాద్‌లో 1995లో ఏర్పడిన ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ సభ్యులు ఇళ్లలోకి వచ్చిన పాములను పట్టి అడవిలో వదులుతారు. నాగుపాములు, జెర్రిపోతులు వారికి తరచూ దొరుకుతాయి. ఏ పాము ఏ వీధిలో, ఏ నెలలో కనిపించిందో రాసిపెడితే నగర విస్తరణకూ పాముల ఆవాసాలకూ ఉన్న సంబంధం బయటపడుతుంది. సీతాకోకచిలుకలు, మొక్కలు, సాలెపురుగుల ఫొటోలకు ఐనాచురలిస్ట్ వేదికైంది.

ఈ లెక్కలకు పరిమితులున్నాయి. ఆదివారం ఉదయం, చలికాలం, చూడముచ్చటైన చెరువు: పరిశీలకులు ఎక్కువగా అక్కడికే, అప్పుడే వెళ్తారు. పాతబస్తీ గల్లీల నుంచి, పారిశ్రామికవాడల నుంచి జాబితాలు తక్కువ. పొద్దుటి నడకలో ముళ్లపంది, పునుగుపిల్లి వంటి నిశాచరాలు కనబడవు. పక్షుల్లోనూ గుడ్లగూబ వంటివి తప్పిపోతాయి.

ఈ లోపాల్లో మొదటిదాన్ని సరిదిద్దేందుకు అట్లాస్ పద్ధతి వచ్చింది. పటాన్ని సమానమైన గళ్లుగా విభజించి, ముందే ఎంపిక చేసిన గళ్లకు వెళ్లి, నిర్ణీత సమయం పాటు చూసి రాయాలి. అందమైన చోటుకూ చెత్తకుప్పకూ సమాన అవకాశం ఉంటుంది. కేరళలో 2015 నుంచి 2020 వరకు వెయ్యి మందికి పైగా స్వచ్ఛంద కార్యకర్తలు రాష్ట్రమంతా ఇలా తిరిగారు. హైదరాబాద్ బర్డింగ్ పాల్స్, డెక్కన్ బర్డర్స్, డబ్ల్యుడబ్ల్యుఎఫ్ ఇండియా కలిసి 2025లో హైదరాబాద్ పక్షుల అట్లాస్ మొదలుపెట్టాయి. చలికాలంలో ఒకసారి, ఎండలు తగ్గి వానలు పడే కాలంలో మరోసారి అవే గళ్లను చూస్తారు. వలస వచ్చేవి, ఇక్కడే గూళ్లు కట్టుకునేవి ఇలా విడివిడిగా లెక్కకు వస్తాయి. కొన్నేళ్ల పాటు అవే గళ్లలో అదే పద్ధతి సాగితే, నగరంలో ఏ మూల ఏ పిట్ట నిలిచిందో, ఎక్కడ తప్పుకుందో పోల్చి చూసే వీలు కలుగుతుంది.