ప్రభుత్వ పరిశోధకుల రచనలు – ప్రజల పఠనాధికారము

ఒక జనసమూహము తన చరిత్రను వ్రాసికొనుటకు శాసనములు, కైఫీయతులు మొదలగు ఆధారములు ఎంత అవసరమో, వానిని పరిశీలించిన పండితుల వ్యాసములు చదువరులకు లభించుటయు అంత అవసరము. రాష్ట్రేతరాంధ్రుల విషయమున ఇది మరింత ముఖ్యము. హోసూరు, బరంపురము, షోలాపురము, యానాము మొదలగు చోట్ల పూర్వుల చరిత్రను శోధించువారిలో పలువురు ఏ విశ్వవిద్యాలయమునకును చెందినవారు కారు. ప్రజాధనముతో జరిగిన పరిశోధన అట్టివారికి ఏ నిబంధనలపై అందుచున్నదో ఇచ్చట విచారింతము.

మద్రాసు ప్రభుత్వము 1886లో డాక్టరు హుల్ట్‌జ్‌ను శాసన పరిశోధకునిగా నియమించెను. 1887 నుండి వార్షిక నివేదికలును, 1890 నుండి దక్షిణ భారత శాసన సంపుటములును వెలువడసాగెను. ముఖలింగ, శ్రీకూర్మ శాసనములు 1925 నాటి 5వ సంపుటమునను, సింహాచల శాసనములు 1928 నాటి 6వ సంపుటమునను చేరినవి. కళింగమును, ఉత్కళమును ఏలిన గాంగుల చరిత్రకు ఇవి మూలాధారములు. 1948 నాటి 10వ సంపుటము తెలుగు శాసనములకే ప్రత్యేకింపబడినది. ఈ పనికి పూనుకొన్నది ప్రభుత్వ శాఖ; అచ్చు వేయించినదియు ప్రభుత్వమే. పరిశోధకునికిని పాఠకునికిని నడుమ వర్తకుడు లేడు.

1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము, వేరు ఒడంబడిక లేనియెడల, ప్రభుత్వ రచనకు ప్రభుత్వమే ప్రథమ స్వామి. ప్రచురణ జరిగిన మరుసటి సంవత్సరారంభము నుండి 60 ఏండ్లు ఆ హక్కు నిలుచును. హక్కును ఇతరులకు బదలీ చేయుటకు వ్రాతపూర్వకమైన పత్రము ఉండవలెను. అందు గడువు చెప్పనిచో 5 ఏండ్లకును, ప్రదేశము చెప్పనిచో భారతదేశమునకును మాత్రమే అది చెల్లును. అయినను పెక్కు పరిశోధన పత్రికల ప్రచురణకర్తలు గడువును, ప్రదేశమును స్పష్టముగ వ్రాయించుకొందురు గనుక ఈ రక్షణ అక్కరకు రాకున్నది. ఫలితముగా ప్రజలు పరిశోధకుని జీతము రూపమున ఒకసారి, పత్రిక చందా రూపమున మరియొకసారి సొమ్ము చెల్లించుచున్నారు.

ఈ చిక్కునకు ప్రతిక్రియగా 2002లో బుడాపెస్టు ప్రకటన వెలువడి, ఓపెన్ యాక్సెస్, అనగా ఎల్లరును వెల లేక చదువదగిన బహిరంగ ప్రచురణ, అను భావమునకు వ్యాప్తి కల్పించెను. మన దేశమున వ్యవసాయ పరిశోధన మండలి 2013లోను, విజ్ఞానశాస్త్ర, జీవసాంకేతిక శాఖలు 2014లోను ఇట్టి విధానమును ప్రకటించినవి. ప్రచురణకు అంగీకరింపబడిన వ్యాసప్రతిని సంస్థ యొక్క భాండాగారమున ఉంచవలెనని ఆ రెండు శాఖల నియమము. అమెరికా చట్టము మరియొక మార్గము తొక్కినది: అక్కడి కేంద్ర ప్రభుత్వోద్యోగి విధి నిర్వహణలో వ్రాసినదానికి ఆ దేశమున కాపీరైటు లేనే లేదు.

2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గము ‘ఒకే దేశము – ఒకే చందా’ పథకమును ఆమోదించెను. 2025 మొదలు మూడేండ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించి, 30 మంది ప్రచురణకర్తల సుమారు 13,000 పత్రికలను 6,300కు పైబడిన ప్రభుత్వ సంస్థలకు అందించుట దీని ఉద్దేశము. ఎంపికైన బహిరంగ పత్రికలలో వ్యాసములు ప్రకటించు రచయితల సహాయార్థము ఏటా 150 కోట్ల రూపాయలు వేరుగ నిర్దేశింపబడినవి. చిన్న పట్టణముల కళాశాలలకు ఇది గొప్ప మేలు. కాని సంస్థలో చేరనివారికి ఈ చందా వలన ప్రయోజనము లేదు. గడువు తీరి ఒడంబడిక పొడిగింపబడనిచో సంస్థలోని వారికిని ఆ సౌకర్యము ఉండదు. బహిరంగముగ నిలిపిన వ్యాసమునకు ఈ రెండు పరిమితులును లేవు. కావున చదువుకొనుటకు చేసికొనిన ఒడంబడికను బహిరంగ ప్రచురణమని భ్రమపడరాదు.

ఇందు మన కర్తవ్యము రెండు విధములు. తెలుగువారిని గూర్చి వ్రాయు ప్రభుత్వ పరిశోధకులు, హక్కు పత్రముపై సంతకము చేయుటకు ముందే, అంగీకృత ప్రతిని భాండాగారమున ఉంచు అధికారమును నిలుపుకొనవలెనని మన సంఘములు కోరవలెను. ఇతరులను ఇట్లు కోరునప్పుడు, మన సంఘములు అచ్చు వేయించు పరిశోధన సంపుటములను గూడ, రచయితల అనుమతితో, ఎల్లరకును అందుబాటులో ఉంచుట న్యాయము. కొలది ప్రతులుగా అచ్చయి బీరువాలలో ఉండిపోయిన వ్యాసము వలన, వలస వచ్చిన వంశముల చరిత్ర వెదకు నేటి యువకునికి ఉపకారము కలుగదు.