పాపయ్య ప్రశ్నలు

హైదరాబాదు నుంచి బెంగళూరు రోడ్డు మీద వస్తూ బీచుపల్లి దగ్గర కృష్ణ దాటగానే నడిగడ్డలో అడుగుపెడతాం. ఆంజనేయస్వామి గుడి ఉన్న ఈ రేవుకు ఒక దిక్కున గద్వాల, ఏటి అవతల వనపర్తి, ఇంకా పైన నాగర్‌కర్నూల్. నిజాం ఏలుబడిలో గద్వాల, వనపర్తి సంస్థానాలు. వాటి కోటలు, రాజులు, కవిపండితుల గురించి ఎన్నో పుస్తకాలొచ్చాయి. ఈ మూడు ఊళ్లనూ కలిపే ఇంకో చరిత్ర ఉంది. దాని గురించి రాసినవాళ్లు తక్కువ. అది ఎం.బి. చర్చి చరిత్ర.

ఎం.బి. అంటే మెన్నొనైట్ బ్రదరన్. మెన్నొనైట్లు పదహారో శతాబ్దపు యూరప్‌లో పుట్టిన క్రైస్తవ శాఖ. పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వకూడదనీ, ఊహ తెలిసిన మనిషి తానే నిర్ణయించుకుని నలుగురి ముందు ఒప్పుకోవాలనీ వాళ్ల పట్టుదల. ఆయుధం పట్టమన్నా పట్టలేదు. అందుకు చంపించుకున్నారు, దేశాలు వదిలి పారిపోయారు. వాళ్లలో కొందరు దక్షిణ రష్యాలో స్థిరపడ్డారు. అక్కడ 1860లో ఎం.బి. సంఘం మొదలైంది. ఆ సంఘం నుంచే అబ్రహాం ఫ్రీజెన్ దంపతులు మిషనరీలుగా నల్లగొండకు వచ్చారు. అమెరికాలో ఉన్న ఎం.బి.ల తరఫున 1899లో నికొలాస్ హీబర్ట్ హైదరాబాదు చేరి, ఆరోగ్యం చెడి కొద్దికాలానికే వెనక్కి వెళ్లిపోయారు. 1904లో వచ్చిన డేనియల్ బెర్గ్‌తోల్డ్ నాగర్‌కర్నూల్‌లో పాతుకుపోయారు. వనపర్తిలోనూ మిషన్ వెలిసింది. పాలమూరు, గద్వాల కేంద్రాలు అప్పటికి అమెరికన్ బాప్టిస్టుల చేతుల్లో ఉండేవి. 1930ల చివర్లో అవీ ఎం.బి.లకు వచ్చాయి.

ఈ సంఘాల్లో చేరినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు, మాలలు. విశ్వాసం వాళ్ల జీవితంలో ఏం మార్చిందో తెలుసుకోవాలంటే, ఇలాంటివాళ్ల మధ్యే ఒంగోలు బాప్టిస్టు మిషన్ నడిపిన జాన్ క్లౌ పెట్టిన మూడు నియమాలు చూస్తే చాలు. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు.

ఈ రోజున ఇవి చిన్న విషయాలుగా తోస్తాయి. ఆ రోజున కావు. ఏ రోజు పిలిస్తే ఆ రోజు వెట్టికి పోవలసిన మనిషి ఆదివారం రానంటే దొరను ఎదిరించినట్టే లెక్క. చచ్చిన గొడ్డు మాదిగవాడకు హక్కుగా వచ్చే కూడు, దాని తోలే చెప్పులకు, మోటబొక్కెనలకు ఆధారం. జాతరలో డప్పు కొట్టడం ఆ వాడకు ఊరు అప్పగించిన బాధ్యత, దానికి ముట్టే గింజలు బతుకుదెరువు. ఒక్కొక్క నియమం ఒక్కొక్క బంధాన్ని కదిలించింది. తనకు ఏది ముఖ్యమో, దేన్ని వదులుకోగలడో అప్పటిదాకా ఎవరూ అడగని మనిషి, మొదటిసారి తనంతట తాను తేల్చుకోవలసి వచ్చింది.

1960ల మొదట్లో జరిగిన ఒక సంఘటన ఈ పరీక్ష ఎంత కఠినమో చెబుతుంది. షంషాబాద్ దగ్గరి ముచ్చింతలలో మశూచి సోకి పిల్లలు చనిపోయారు. గ్రామదేవతకు కోపం వచ్చిందనీ, దున్నపోతును బలివ్వాలనీ పెద్దలు తీర్మానించి ఇంటింటికీ చందా వేశారు. క్రైస్తవులు ఇవ్వలేమన్నారు. కోమట్లు సరుకులు ఆపేశారు, బావిలో నీళ్లు తోడుకోనివ్వలేదు. అంతలో క్రైస్తవుల బిడ్డకే మశూచి తగిలింది. సంఘపెద్ద మైళ్లకొద్దీ నడిచి షంషాబాద్ బైబిలు స్కూలుకు వచ్చి, అక్కడి పంతులును ప్రార్థన చెయ్యమన్నాడు. ఆ పంతులు పాల్ హీబర్ట్, 1899లో వచ్చిన నికొలాస్‌కు మనవడు, 1932లో షంషాబాద్‌లోనే పుట్టినవాడు.

ఆయన ప్రార్థించారు. బిడ్డ బతకలేదు. తాను ఓడిపోయానని హీబర్ట్ కుంగిపోయారు. కొన్ని వారాలకు సంఘపెద్ద మళ్లీ వచ్చాడు, ముఖంలో గెలిచిన కళ. బిడ్డ బతికి ఉంటే ఊరు మన దేవుడి శక్తిని ఒప్పుకునేదే, కానీ ఎప్పటికైనా ఆ బిడ్డ పోవలసిందే కదా అన్నాడు. అంత్యక్రియల్లో మేం నిరాశపడకపోవడం, పునరుత్థానం మీద ఆశ పెట్టుకోవడం చూసి ఊరివాళ్లు మా మార్గం గురించి అడుగుతున్నారని చెప్పాడు. సెమినరీలో చదువుకున్న గురువుకు పల్లె పెద్ద పాఠం చెప్పిన సందర్భమది. హీబర్ట్ దాన్ని దాచుకోకుండా తన రచనల్లో చెప్పుకున్నారు.

తర్వాత ఆయన పాలమూరు జిల్లా పల్లె మీద పరిశోధన చేసి మానవశాస్త్రవేత్తగా పేరు పొందారు. ఆ గ్రంథం ‘కొండూరు’ 1971లో వెలువడింది. 1978లో రాసిన వ్యాసంలో పాపయ్య అనే ఊహాపాత్రను పెట్టారు. పొలం నుంచి అలసి వచ్చిన రైతు రచ్చకట్ట దగ్గర కొత్త మనిషి చెప్పే యేసు కథ ఒక గంట విని, తల వంచి ప్రార్థిస్తాడు. ఇంటికి పోతుంటే ప్రశ్నలు ముసురుకుంటాయి. ఇక గుడికి పోవచ్చా? ఇంట్లో చెప్పాలా? చేతికిచ్చిన కాగితాలు తనకు చదవరావు, మరి తెలుసుకునేదెట్లా? పాపయ్య క్రైస్తవుడైనట్టా, కానట్టా?

ఎన్ని సిద్ధాంతాలు తెలుసు, ఏ నియమాలు పాటిస్తున్నాడు అని కొలిస్తే పాపయ్య హద్దుకు బయటే మిగిలిపోతాడు. హీబర్ట్ గణితం నుంచి ఇంకో కొలత తీసుకున్నారు. మధ్యలో క్రీస్తు ఉన్నాడనుకుంటే, మనిషి ఆ మధ్యబిందువు వైపు తిరిగాడా లేదా అన్నదే ముఖ్యం. దూరంలో ఉన్నవాడైనా అటు తిరిగి నడుస్తుంటే ఆ దారివాడే. దగ్గరే ఉండి ముఖం తిప్పుకున్నవాడి సంగతి ఆలోచించుకోవలసిందే. జీవితానికి గమ్యం, విలువలు ఎక్కడినుంచి వస్తాయని వెతికేవాళ్లకు ఇంతకంటే సూటిగా చెప్పిన మాట అరుదు. పాత ఆచారాలను గంపగుత్తగా తోసెయ్యడం, గుడ్డిగా ఉంచుకోవడం రెండూ తప్పనీ, సంఘమంతా కూర్చుని లేఖనాల వెలుగులో ఒక్కొక్కదాన్నీ తేల్చుకోవాలనీ కూడా ఆయన వాదించారు.

హీబర్ట్ 2007లో కన్నుమూశారు. ఆయన రాసినవి నేటికీ ప్రపంచంలో ఎన్నో సెమినరీల్లో పాఠాలు. వాటి వెనక ఉన్నది మన పల్లెల అనుభవం. అది అనుభవించినవాళ్ల మాటలు మాత్రం వాళ్ల పేర్లతో, వాళ్ల తెలుగులో అచ్చయినవి చాలా తక్కువ. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ సంఘాలు తమ తాతముత్తాతలు ఏం వదులుకున్నారో, ఎందుకు వదులుకున్నారో పెద్దవాళ్లను అడిగి ఇప్పుడే రాయించాలి.