సాంబమసూరి వంశవృత్తాంతము

బెజవాడలో బెంజి సర్కిలు వద్ద బందరు రోడ్డును చెన్నపట్టణ కలకత్తా రహదారి అడ్డముగా దాటిపోవుచున్నది. ఆ కూడలి నుండి ఒకవైపు బందరు వరకును, కృష్ణకు ఆవల బాపట్ల వరకును వ్యాపించిన డెల్టా చరిత్రను వ్రాసినవారు తఱచుగా నీటి చరిత్రనే వ్రాసిరి. 1855లో బెజవాడ ఆనకట్ట, 1957లో ప్రకాశం బ్యారేజి, నడుమ కాలువలు, లాకులు. ఇంతటితో కథ ముగిసినట్లు తోచును. కాని విత్తనమునకును ఒక చరిత్ర కలదు.

కోయంబత్తూరు నుండి వచ్చిన జీఈబీ 24, తైవాను పొట్టిరకమగు తైచుంగ్ నేటివ్ 1, మలయా దేశపు మసూరి అను మూఁడు వంశములను బాపట్ల వరి పరిశోధన కేంద్రమున కలిపి శాస్త్రజ్ఞులు రూపొందించిన బీపీటీ 5204, అనఁగా మన సాంబమసూరి, 1986లో రైతులకు అందినది. సన్నని గింజ, మంచి రుచి, బజారులో గిరాకి. కాని పెద్ద కొఱఁత యొకటి కలదు, ఎండాకు తెగులు తగిలినచో ఆకు అంచుల నుండి ఎండి, చేను మాడిపోవును.

ఆ కొఱఁత తీఱిన తీరు తెలియుటకు ఇచట జన్యువు సంగతి కొంత చెప్పక తప్పదు. జన్యువులో ప్రోటీనుగా అనువదింపఁబడు అక్షరములు కొన్ని; అట్లు అనువదింపఁబడనివి మఱికొన్ని. 1977లో షార్ప్, రాబర్ట్స్ అను శాస్త్రజ్ఞులు జన్యువు నడుమనే ఇట్టి అనువాదము లేని ఖండములున్నవని కనుఁగొనిరి. అంతకు మునుపే, 1972లో, సుసుము ఓనో జీవకణములోని డీఎన్‌ఏలో అధికభాగము పనికిమాలినదని వ్రాసెను. ఆ తీర్పు తొందరపాటుతో కూడినదని నా యభిప్రాయము. దానికి మన వరిచేనే సాక్ష్యము.

హైదరాబాదులోని వరి పరిశోధన సంచాలనాలయమును, సీసీఎంబీ అను జీవశాస్త్ర పరిశోధన సంస్థయును కలిసి, పంజాబు వ్యవసాయ విశ్వవిద్యాలయము నుండి తెచ్చిన ఒక వరి వంశముతో సాంబమసూరిని సంకరము చేసి, మరల మరల సాంబమసూరితోనే కలుపుచు, తెగులును తట్టుకొను మూఁడు జన్యువులను దానిలో నిలిపిరి. వానిలో ఎక్స్ఏ 21 ఆఫ్రికా అడవివరి నుండి వచ్చినది. ఎక్స్ఏ 5లో మార్పు అనువాదభాగమున నున్నది: ప్రోటీనులో 39వ స్థానమున వాలీను ఉండవలసినచోట గ్లుటామిక్ ఆమ్లము చేరినది.

ఎక్స్ఏ 13 కథ వీనికంటె విచిత్రమైనది. దాని తెగులు నిరోధమునకు మూలమైన మార్పు ప్రోటీనును చెప్పు భాగమున లేదు. దానికి ముందున్న ప్రమోటరులో నున్నది. ప్రమోటరు కాలువకు తూము వంటిది. తాను పంటను పండింపదు, నీరు ఎప్పుడు, ఎంత పాఱవలెనో నిర్ణయించును. తెగులు బాక్టీరియా తన ప్రోటీను నొకదానిని వరికణములోనికి చొప్పించి, ఈ తూమును బలవంతముగా ఎత్తును. దానితో ఆ జన్యువు చెప్పు చక్కెర వాహకము అధికమై, కణములోని చక్కెర వెలికి కాఱును. అదియే ఆ సూక్ష్మజీవికి ఆహారము. ఎక్స్ఏ 13లో ప్రమోటరు అక్షరములు మాఱుటచే ఆ దొంగచేతికి పట్టు దొరకదు. అట్లని జన్యువునే తీసివేయ వీలుపడదు. పుప్పొడి ఏర్పడుటకు ఆ చక్కెర వాహకమే ఆవశ్యకము, అది లోపించినచో గింజ తాలు పోవును. అందుచేత పంటయు నిలిచి, తెగులును తప్పవలెనన్నచో మార్పు రావలసినది ప్రమోటరులోనే. ఏ పండితుఁడును ప్రయోగశాలలో తలపెట్టకముందే ప్రకృతి ఆ పని చేసి, దానిని వరి వంశములో దాచియుంచినది.

ఈ మూఁటిని ధరించిన మెఱుగుపఱచిన సాంబమసూరి 2008లో విడుదలైనది. ఇది సంకరము చేతనే, జన్యు గుర్తుల సాయముతో ఏఱి పెంచిన పైరు గాని జన్యుమార్పిడి పైరు కాదు. కావున ఎండాకు తెగులు సోకు భూములలో సాంబమసూరి వేయు డెల్టా రైతులు నిస్సంకోచముగా దీనిని వేసి చూడవచ్చును.