భిలాయి – మాస్కో: దూరం ఎంత? కాలం ఎంత?

విద్యార్థులారా! భిలాయి నుంచి మాస్కో ఎంత దూరమని ఎవరైనా అడిగితే ఏం చెబుతారు? గ్లోబు మీద ఈ రెండు నగరాల మధ్య ఒక దారాన్ని బిగించి పట్టండి. అదే అతి దగ్గరి దారి. దీన్ని మహావృత్తపు చాపం అంటారు. భూకేంద్రం వద్ద ఈ చాపం చేసే కోణం సుమారు 47.3 డిగ్రీలు. ఒక్కో డిగ్రీకి 111.2 కిలోమీటర్లు. హెచ్చవేస్తే సుమారు 5,260 కిలోమీటర్లు వస్తుంది.

ఆ దారాన్ని మరోసారి గమనించండి. అది ఇంచుమించు ఢిల్లీ మీదుగానే పోతుంది! భిలాయి నుంచి ఢిల్లీకి సుమారు 920, అక్కడి నుంచి మాస్కోకు సుమారు 4,340 కిలోమీటర్లు. ఢిల్లీలో విమానం మారినా దారి దాదాపు పెరగదన్నమాట.

ఈ దూరానికి ఒక చరిత్ర ఉంది. 1955 ఫిబ్రవరి 2న భారత్, సోవియట్ యూనియన్ భిలాయి ఉక్కు కర్మాగారం కోసం ఒప్పందం చేసుకున్నాయి. ఏడాదికి 10 లక్షల టన్నుల ఉక్కు తీయాలన్నది తొలి లక్ష్యం. అక్కడి ఇంజనీర్లు ఇక్కడికి రావాలి, మనవాళ్లు శిక్షణకు అక్కడికి వెళ్లాలి. 1958 ఆగస్టులో ఢిల్లీ – మాస్కో విమానాలు మొదలయ్యాయి. ఏరోఫ్లోట్ నడిపిన టీయూ-104 జెట్ విమానం ఒక్క ఊపులో అంత దూరం పోలేదు. అందుకే తాష్కెంట్‌లో ఆగేది.

మనుషులు విమానంలో వస్తారు. మరి కొలిమి సామగ్రి? అంత బరువుకు ఓడే గతి. నల్ల సముద్రంలో బయలుదేరిన ఓడ సూయజ్ కాలువ దాటి మన రేవులకు చేరాలి. ఆనాటి సరుకు ఓడ వేగం గంటకు దాదాపు 25 కిలోమీటర్లు; జెట్ వేగం సుమారు 800. అంటే 32 రెట్లు! పైగా 1956 చివర యుద్ధం వల్ల సూయజ్ మూతపడింది. 1957 ఏప్రిల్ వరకు ఓడలు ఆఫ్రికాను చుట్టి రావలసి వచ్చింది. దూరాన్ని భూగోళమే కాదు, రాజకీయాలు కూడా నిర్ణయిస్తాయని దీన్నిబట్టి గ్రహించండి. ఇన్ని ఉన్నా, ఒప్పందం జరిగిన నాలుగేళ్లకు, 1959 ఫిబ్రవరి 4న, రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ భిలాయి మొదటి బ్లాస్ట్ కొలిమిని ప్రారంభించారు.

ఇక కాలం లెక్క. నేటి జెట్ విమానం ఢిల్లీ నుంచి ఆగకుండా సుమారు 6 గంటల్లో మాస్కో చేరగలదు. ఉదయం 10 గంటలకు బయలుదేరితే, దిగేసరికి మన గడియారంలో సాయంత్రం 4. అక్కడి గడియారంలో మాత్రం మధ్యాహ్నం 1:30 మాత్రమే! మాస్కో సమయం మనకంటే రెండున్నర గంటలు వెనుక. తిరుగు ప్రయాణంలో పడమటి గాలులు విమానాన్ని వెనుక నుంచి తోస్తాయి కాబట్టి కొంత సమయం ఆదా అవుతుంది.

ఇప్పుడు మీ ఊరి అక్షాంశ, రేఖాంశాలు తెలుసుకోండి. గ్లోబు, దారం తీసుకుని మాస్కోకు దూరం మీరే కొలవండి.